ఉత్తరముపై గీతల భాష

ఉత్తరముపై చిరునామా వ్రాసి తపాలా పెట్టెలో వేయుటతో మన పని ముగియును. అటుపిమ్మట అది ఎన్ని చేతులు మారునో, ఎన్ని ఊళ్లు దాటునో మనమంతగా ఆలోచింపము. పొరుగు రాష్ట్రములలో నివసించు మనకు మరియొక చిక్కు కలదు. మనము తెలుగులో వ్రాసిన ఊరి పేరును దారిలో తెలుగు రానివారు చదువజాలరు. అంకెలైనచో ఎల్లరును చదువగలరు. 1972 ఆగస్టు 15న మన దేశమున ప్రవేశపెట్టబడిన ఆరంకెల పిన్‌కోడు చేయు మేలు ఇదియే.

ఈ సంఖ్య ఉత్తరము పోవలసిన దారిని తెలుపును. మొదటి అంకె దేశములోని మండలమును, మొదటి మూడంకెలు కలిసి ఉత్తరములను వేరుపరచు జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును సూచించును. యానాము పుదుచ్చేరి పాలనలోనిది. అయినను పుదుచ్చేరి పట్టణపు సంఖ్య 605001 కాగా, యానాము సంఖ్య 533464. పొరుగుననున్న కాకినాడ సంఖ్యయు 533తోనే మొదలగును. పాలన యెచ్చటిదైనను, తపాలా నడచు దారిని బట్టియే సంఖ్య యేర్పడినది.

మనుష్యుడు అంకెను కంటితో చదువును. మరి యంత్రముచే చదివించుట యెట్లు? అమెరికా తపాలా శాఖ వాడిన ‘పోస్ట్‌నెట్’ అను గీతల సంకేతము ఇందుకు చక్కని ఉదాహరణము. అచ్చట 1963లో ఐదంకెల ‘జిప్’ సంఖ్య ఏర్పడినది. తరువాత ఆ అంకెలను యంత్రము కొరకు పొడుగు గీతలుగను, పొట్టి గీతలుగను ముద్రించిరి. ఒక్కొక్క అంకెకు ఐదు గీతలు. అందు రెండు మాత్రమే పొడుగువి. ఐదు స్థానములకు వరుసగా 7, 4, 2, 1, 0 అను విలువలు కలవు. పొడుగు గీతలున్న స్థానముల విలువలను కూడినచో అంకె తెలియును. రెండవ, నాలుగవ గీతలు పొడుగైనచో 4, 1 కలిసి 5 అగును. మొదటి రెండును పొడుగైనచో 11 రావలెను గాని, దానిని సున్నగా నియమించుకొనిరి.

అమెరికా అధ్యక్షుని భవనపు సంఖ్య 20500. ఈ అంకెల మొత్తము 7. దానిని పది చేయుటకై చివర 3 చేర్చుదురు. మొత్తము పదియో, ఇరువదియో, ముప్పదియో కావలెనన్నది నియమము. ఆరంకెలకు 30 గీతలు, ఆదిని తుదిని ఒక్కొక్క పొడుగు గీత, వెరసి 32. సిరా చెదరి 5 లోని ఒక పొడుగు గీత చెడినదనుకొందము. ఆ ఐదింటిలో ఒక్క పొడుగు గీతయే మిగులుటచే యంత్రము తప్పును గుర్తించును. తక్కిన అంకెల మొత్తము 5. పదికి తక్కువైనది 5. పోయిన అంకె దొరికినది! 2013లో ఈ పద్ధతి స్థానమున 65 గీతల క్రొత్త సంకేతము వచ్చినది. అది దారినే గాక, ఏ ఉత్తరమో కూడ తెలుపును.

యంత్రము గీతలలోని తప్పును పట్టగలదు గాని, వ్రాసినవాని తప్పును పట్టజాలదు. మనమొక అంకె మార్చి వ్రాసినచో ఆ తప్పు సంఖ్యయే చక్కని గీతలై, ఉత్తరమును వేరొక ఊరికి చేర్చును. అది పరీక్షకు వచ్చిన పిలుపైనచో ఒక విద్యార్థికి ఏడాది నష్టము. కావున విద్యార్థులు తమ ఊరి పిన్‌కోడును కంఠస్థము చేయవలెననియు, తల్లిదండ్రులు దరఖాస్తులపై దానిని సరిచూడవలెననియు కోరుచున్నాము.