ఇరుకు దారిలో భారీ యంత్రం

పుదుచ్చేరి సముద్రతీరంలో గాంధీ విగ్రహం చుట్టూ నిలబడిన రాతి స్తంభాలను మీరు చూసే ఉంటారు. ఒక్కొక్కటి ఏకశిల. 18వ శతాబ్దంలో ఫ్రెంచివారు వీటిని జింజి కోట నుంచి తెప్పించారని చెబుతారు. జింజి అక్కడికి దాదాపు 70 కిలోమీటర్ల దూరం. లారీ లేదు, తారు రోడ్డు లేదు. అయినా స్తంభాలు వచ్చాయి. దారి కంటే సరుకు పెద్దదైనప్పుడు ఏం చేయాలన్న సమస్య కొత్తదేమీ కాదని ఇవి చెప్పకనే చెబుతున్నాయి.

నేడు ఆ పట్టణంలో ఒక భవన నిర్మాతకు మట్టి తవ్వే ఎక్స్కవేటర్ కావాలనుకుందాం. ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో తడ దగ్గర ఉన్న శ్రీసిటీలో ఇలాంటి యంత్రాలు తయారవుతున్నాయి. విదేశాలలో తయారైనదైతే చెన్నై రేవులో దిగుతుంది. ఎక్కడి నుంచి బయలుదేరినా చివరి మజిలీ మాత్రం రోడ్డు మీదనే. ఇనుప గొలుసు పట్టాల మీద నడిచే ఈ యంత్రం తనంతట తాను అంత దూరం రాలేదు. గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తూ దారి పొడవునా తారును చీల్చుకుంటూ పోతుంది. కనుక దానిని మరో బండి మోయాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

వెడల్పు తెచ్చే చిక్కు

20 టన్నుల తరగతి ఎక్స్కవేటర్ వెడల్పు సుమారు 2.8 మీటర్లు, ఎత్తు సుమారు 3 మీటర్లు. సరుకుల కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లే. కనుక యంత్రం అందులో పట్టదు. కంటైనర్ల కోసం దేశం లోపలి పట్టణాలలో ఏర్పాటైన భూమి రేవులలో, అంటే ఇన్లాండ్ కంటైనర్ డిపోలలో, మామూలు పెట్టెలను ఎత్తి దించడం నిమిషాల పని. ఇలాంటి యంత్రానికి మాత్రం గోడలు లేని బల్లచెక్కలాంటి వేదిక కావాలి, ప్రత్యేకమైన కట్లు కావాలి, వేరే క్రేను కావాలి.

ఇక రోడ్డు సంగతి. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సరుకు వాహనం వెడల్పు 2.6 మీటర్లకు, ఎత్తు 4 మీటర్లకు మించకూడదు. మన యంత్రం బరువులో చిన్నదే, కాని వెడల్పులో 20 సెంటీమీటర్లు మీరింది. దానిని నేలకు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే పల్లపు బల్ల ట్రైలరు మీద నిలిపితే మొత్తం ఎత్తు 3.9 మీటర్లు అవుతుంది. హద్దుకు మిగిలినది జానెడు కూడా లేదు. జాతీయ రహదారి పైవంతెనల కింద 5.5 మీటర్ల ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ భయం లేదు. విద్యుత్ రైలు మార్గం గేటు దగ్గర అడ్డుగా కట్టే ఎత్తు కొలత కమ్మీ సుమారు 4.7 మీటర్ల ఎత్తున ఉంటుంది. వీధిలో వేలాడే కరెంటు తీగకు మాత్రం ఏ లెక్కా ఉండదు. అందుకే భారీ సరుకు బయలుదేరడానికి ముందే కొలకర్రతో మనుషులు దారంతా తిరిగి వస్తారు.

అన్నిసార్లూ బరువే సమస్య కాదనడానికి ఒక ఉదాహరణ చూడండి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం కోసం ఆటోక్లేవ్ అనే భారీ యంత్రం 2019 జూలైలో మహారాష్ట్ర నుంచి బయలుదేరింది. దాని బరువు 70 టన్నులే. సుమారు 1,700 కిలోమీటర్ల దారి దాటి 2020 జూలైలో గమ్యం చేరింది. మధ్యలో లాక్‌డౌన్ ఆటంకం వచ్చిన మాట నిజమే. కాని అంత కాలం పట్టడానికి ముఖ్య కారణం దాని ఆకారం. రోజుకు నాలుగైదు కిలోమీటర్లే నడిచింది. తీగలు ఎత్తించుకుంటూ, కొమ్మలు నరికించుకుంటూ, ఎదుటి వాహనాలను ఆపించుకుంటూ సాగింది.

బరువును పంచుకునే చక్రాలు

ఇప్పుడు బరువు సంగతి చూద్దాం. విద్యుత్ కేంద్రపు ట్రాన్స్‌ఫార్మర్ అయినా, పెద్ద క్రేను భాగమైనా వంద నుంచి మూడు వందల టన్నులు ఉండవచ్చు. అంత బరువు మోస్తే రోడ్డు కుంగిపోదా? ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన విషయం ఉంది.

మామూలు లారీ వెనుక ఇరుసుకు నాలుగు టైర్లు ఉంటాయి. 2018లో సవరించిన పరిమితి ప్రకారం ఆ ఇరుసు 11.5 టన్నులు మోయవచ్చు. అంటే టైరుకు సుమారు 2.9 టన్నులు. భారీ సరుకులకు వాడే హైడ్రాలిక్ ట్రైలరులో ఒక్కో ఇరుసు వరుసకు ఎనిమిది టైర్లు ఉంటాయి. ఆ వరుస మోసేది 18 టన్నులు. టైరుకు 2.25 టన్నులే! చూడడానికి ఏనుగులా ఉన్న బండి టైరు లెక్కన మామూలు లారీ కంటే తేలికగా అడుగు వేస్తుందన్నమాట.

ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపే అనుకుంటాం. అది నిజం కాదు. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిపిన పెద్ద ప్రయోగంలో ఆ నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే రెండు రెట్ల బరువుకు పదహారు రెట్ల నష్టం. ఈ లెక్కన అనుమతి తీసుకొని, ఇరుసులు పెంచుకొని వెళ్లే భారీ ట్రైలరు కంటే పరిమితికి మించి ఇసుక నింపుకొని అర్ధరాత్రి పరుగెత్తే లారీయే రోడ్డుకు పెద్ద శత్రువు.

అయితే ఇరుసులు ఎక్కువైతే చాలునా? రోడ్డు బల్లపరుపుగా ఉండదు. ఒక చక్రం గుంతలో దిగితే దాని బరువు పక్క చక్రాల మీద పడుతుంది. దీనికి విరుగుడు మీరు పాఠ్యపుస్తకంలో చదివిన పాస్కల్ సూత్రమే. ప్రతి చక్రాల జత మీద నూనె నిండిన ఒక సిలిండర్ ఉంటుంది. సిలిండర్లన్నింటినీ గొట్టాలతో కలుపుతారు. మూసి ఉన్న ద్రవంలో పీడనం అంతటా సమానం గనుక, గుంతలోని చక్రం కిందికి చాచుకుంటుంది, మిట్ట మీది చక్రం పైకి ముడుచుకుంటుంది. బరువు మాత్రం అన్నిటి మీద సమంగానే ఉంటుంది.

సిలిండర్లన్నింటినీ ఒకే గుంపుగా కలిపితే బండి ఏ పక్కకైనా ఒరిగిపోతుంది. నూనె ఒక వైపు నుంచి మరో వైపుకు పారుతుంది కదా! అందుకని వాటిని సాధారణంగా మూడు గుంపులుగా విడదీస్తారు. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడు దిగుడు నేల మీద ఊగుతుంది, ముక్కాలి పీట ఊగదు. వంద చక్రాలున్నా ఆ ట్రైలరు నిజానికి ఒక ముక్కాలి పీటే.

వంతెన మీద నడక

రోడ్డు కింద నేల ఉంది, వంతెన కింద ఏముంది? అందుకే వంతెనలకు వేరే లెక్క ఉంది. మన దేశంలో వంతెనల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఆధారం. అందులో ప్రత్యేక వాహనం అనే భారం ఒకటుంది. ఒక్కొక్కటి 18 టన్నుల చొప్పున 20 ఇరుసులు, లాగే బండితో కలిపి మొత్తం 385 టన్నులు. ఇరుసుకూ ఇరుసుకూ మధ్య దూరం 1.5 మీటర్లు.

12 మీటర్ల అంతరం గల వంతెన ఆ 385 టన్నులనూ ఒకేసారి మోయనక్కరలేదు. 1.5 మీటర్లకు ఒక ఇరుసు చొప్పున ఆ అంతరం మీద ఏ క్షణాన చూసినా నిలిచేవి ఎనిమిది ఇరుసులే. అంటే 144 టన్నులు. పొడవైన బండి వల్ల కలిగే మేలు ఇదే.

దీనికి మూడు షరతులున్నాయి. వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు. బండి వంతెన నడిమధ్యగా పోవాలి. ఆ సమయంలో మరే వాహనమూ వంతెన మీద ఉండకూడదు. వేగంగా పోయే చక్రం కుదుపుతో బరువును మించిన దెబ్బ కొడుతుంది. నిదానంగా పోతే ఆ దెబ్బ ఉండదు. నడిమధ్యగా పోతే దూలాలన్నీ బరువును సమంగా పంచుకుంటాయి. ఆ పావుగంట సేపు మనల్ని ఆపే పోలీసు మీద విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

పాత వంతెనలకు ఈ లెక్క వర్తించదు. పుదుచ్చేరికి వాయవ్యంగా వందవాసి సమీపంలోని కొరక్కోట్టై నుంచి ఒక మహావిష్ణు ఏకశిలను 2018 చివరలో బెంగళూరుకు తరలించారు. 240 చక్రాల ట్రైలరు, 300 టన్నులకు పైబడిన రాయి. జింజి, తిరువణ్ణామలై, కృష్ణగిరి మీదుగా 2019 జూన్‌లో అది గమ్యం చేరింది. నదుల దగ్గర వంతెన ఉన్నా దానిని నమ్మలేక, పక్కనే తాత్కాలిక మట్టిదారి వేసి నది దాటించారు. దారిలో కొన్ని కట్టడాల భాగాలను తొలగించవలసి వచ్చింది. సరుకు ఒకరిది, గోడ మరొకరిది. కనుక దారి ఎంపిక ఇంజనీర్ల లెక్కతో ముగిసేది కాదు, న్యాయానికి సంబంధించినది కూడా.

లాగడమూ, ఒరగడమూ

300 టన్నుల బండి 30 మీటర్లకు ఒక మీటరు లేచే వాలు ఎక్కాలనుకోండి. వాలు ఒక్కటే 10 టన్నుల బలంతో వెనక్కు లాగుతుంది. చక్రాల దొర్లుడు నిరోధానికి మరో 3 టన్నులు వేసుకుందాం. మొత్తం 13 టన్నుల లాగుడు కావాలి. ఎంత శక్తిగల ఇంజనైనా టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు లేకపోతే చక్రం ఉన్న చోటే తిరుగుతుంది. ఘర్షణ గుణకం 0.5 అయితే, లాగే చక్రాల మీద కనీసం 26 టన్నుల బరువుండాలి. అందుకే ముందున్న లాగుడు బండి వీపు మీద కాంక్రీటు దిమ్మెలు పేరుస్తారు. అవి అమ్మడానికి తీసుకుపోయే సరుకు కాదు, నేల మీద పట్టు కోసం మోసే బరువు. వాలు దిగేటప్పుడు వెనుక కట్టిన మరో బండి పట్టి ఉంచుతుంది.

ఇక గురుత్వ కేంద్రం. అది నేల నుంచి 2.5 మీటర్ల ఎత్తున ఉండి, ఆధారం అంచు మధ్యరేఖ నుంచి 1 మీటరు దూరాన ఉంటే, సుమారు 22 డిగ్రీలు ఒరిగే వరకు బండి పడిపోదు. గురుత్వ కేంద్రం 4 మీటర్లకు పెరిగితే ఆ హద్దు 14 డిగ్రీలకు తగ్గుతుంది. మలుపులో వేగం, పక్కగాలి, కుంగిన రోడ్డంచు దానిని మరింత తగ్గిస్తాయి. అందుకే ఎక్స్కవేటర్ చేతిని మడిచి కిందికి దించి, గొలుసులతో బిగించి గాని కదిలించరు.

నీటి దారి ఉందా?

పుదుచ్చేరి పేరు మన కాలువలతో కూడా ముడిపడి ఉంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మొత్తం 1,078 కిలోమీటర్లు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ, చివర కళువేలి చెరువు ఇందులో భాగాలు. 1 హార్స్‌పవర్ రోడ్డు మీద 150 కిలోలను, రైలు మీద 500 కిలోలను, నీటి మీద 4,000 కిలోలను కదిలిస్తుందని జలరవాణా నిపుణులు తరచు చెబుతారు. పైగా నీటి మీద మలుపు తిరగని వీధి మూల లేదు, కుంగిపోయే తారు లేదు.

కాని ఈ దారి నేటికీ మొత్తం పొడవునా తెరుచుకోలేదు. బకింగ్‌హాం కాలువ చాలా చోట్ల పూడిపోయింది. చెన్నై నగరంలో ఎత్తైన రైలు మార్గపు స్తంభాలు కాలువ వెంబడే నిలిచాయి. తక్కువ ఎత్తు వంతెనలు, ఇరుకైన లాకులు భారీ యంత్రానికి అడ్డు.

నీరు దానంతట అదే క్షేమమూ కాదు. రాయగిరి కొండలో చెక్కిన 17 మీటర్ల బుద్ధ విగ్రహం సుమారు 60 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణాన్ని దాటి హైదరాబాదు చేరింది. 1990 మార్చిలో హుస్సేన్ సాగర్‌లో పంటు మీద తరలిస్తుండగా కొద్ది దూరంలోనే మునిగిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. తేలే పంటు ఒరిగినప్పుడు దానిని మళ్లీ నిలబెట్టే శక్తి ముఖ్యంగా వెడల్పు మీద ఆధారపడుతుంది. మునిగిన లోతు మారకుండా వెడల్పు సగమైతే, ఆ రక్షణ నాలుగో వంతుకు పడిపోతుంది. పైన ఎత్తైన బరువుంటే ఆ మిగిలినదీ హరించుకుపోతుంది.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. నీటి తొట్టిలో ఒక వెడల్పు పళ్లెం, ఒక ఇరుకు సబ్బుపెట్టె తేల్చండి. రెండింటి మధ్యలోనూ ఒక నిలువు అగ్గిపెట్టెను నిలిపి, దాని మీద నాణాలు ఒక్కొక్కటే పేర్చండి. ఏది ముందు ఒరిగింది? ఎన్నో నాణెం దగ్గర? ఆ సంఖ్యను రాసుకోండి. మూడు వందల టన్నుల యంత్రాన్ని కదిలించే ఇంజనీరు కాగితం మీద వేసే లెక్క కూడా అదే. తేడా ఒక్కటే: మీ తొట్టిలో నాణాలు పడితే ఏరుకోవచ్చు, అక్కడ పంటు మీద మనుషులుంటారు.