ఉప్పునీళ్లలో చక్కెర ఎందుకు కలుపుతారు?

బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే కంగారుపడి ఆసుపత్రికి తీసుకువస్తాం. డాక్టరుగారు పరీక్షించి, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు చేతిలో పెట్టి "ఇది తాగించండి" అంటే చాలామంది తల్లిదండ్రుల ముఖం చిన్నబోతుంది. "ఇంత దూరం వచ్చింది ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల కోసమా? ఒక సెలైను ఎక్కించండి డాక్టరుగారూ" అని బతిమాలుతారు. ఇంకొందరికి మరో సందేహం వస్తుంది. "ఒంట్లో నీరు, ఉప్పు పోయాయి కాబట్టి అవి ఇస్తున్నారు, సరే. మధ్యలో ఈ చక్కెర ఎందుకు? రుచి కోసమా?"

రెండూ అడగవలసిన ప్రశ్నలే. రెండవ దానికి జవాబు తెలిస్తే, మొదటి దానికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ఉప్పు ఎటు పోతే నీరు అటు

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది. మనం నీళ్లు పోయలేదు కదా! ముక్కల్లో ఉన్న నీటినే ఉప్పు బయటికి లాగింది. మన పేగుల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. పేగు గోడ నీటిని నేరుగా పట్టి లాక్కోలేదు. ముందు ఉప్పు లోపలికి వెళ్లాలి, దాని వెంట నీరు వెళుతుంది.

మనం తాగే నీరు, లాలాజలం, జీర్ణరసాలు అన్నీ కలిపి ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి పేగుల్లోకి రోజుకు సుమారు 8, 9 లీటర్ల నీరు చేరుతుంది. అందులో మలంతో బయటికి పోయేది ఒక గ్లాసుకు మించదు. మిగిలినదంతా పేగులు తిరిగి రక్తంలోకి పంపేస్తాయి. దేవుడు మన శరీరాన్ని ఎంత పొదుపుగా నిర్మించాడో చూడండి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ పొదుపు దెబ్బతింటుంది. కలరా వంటి జబ్బులలో క్రిమి విడిచే విషం వల్ల పేగు గోడ నీటిని, ఉప్పును కుమ్మరిస్తుంది. ఉప్పును పీల్చుకునే దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. అందుకే ఉత్త ఉప్పునీళ్లు తాగించినా అవి చాలావరకు అలాగే బయటికి పోతాయి.

రెండు తాళంచెవుల తలుపు

అయితే పేగు గోడలో మరొక తలుపు ఉంది. అది బ్యాంకు లాకరు లాంటిది. ఒక్క తాళంచెవితో తెరుచుకోదు. ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజు రెండూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. రెండూ జంటగా లోపలికి వెళతాయి, వాటి వెనుక నీరు వెళుతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతిని వివరించారు. కలరా విషం కూడా ఈ తలుపును పాడుచేయలేదు.

ఇప్పుడు అర్థమైంది కదా? ఓ.ఆర్.ఎస్.లో చక్కెర రుచి కోసం కాదు, ఉప్పును, నీటిని లోపలికి తీసుకెళ్లడానికి. సెలైను సూదితో చేసే పనిని ఇది నోటి ద్వారా చేస్తుంది. బిడ్డ తాగగలుగుతున్నప్పుడు సూది గుచ్చవలసిన పని లేదు.

బంధువులే నర్సులైన రోజులు

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. బనగావ్‌లో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో నేల మీద కూడా రోగులే. సెలైను నిల్వలు అయిపోతున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, తినే సోడా కొలత ప్రకారం కలిపించి ప్యాకెట్లు కట్టించారు. ఆ ద్రావణాన్ని రోగులకు తాగించింది ఎక్కువగా వారి తల్లులు, అక్కచెల్లెళ్లు, బంధువులే. శిబిరాల్లో కలరా సోకినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోతుండగా, ఆయన ఆధ్వర్యంలో వైద్యం పొందినవారిలో అది 3.6కు తగ్గింది. ఆయన 2022లో మరణించారు. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

కొలత తప్పితే మందు కాదు

ఇంట్లో జరిగే పొరపాట్లు చాలావరకు కొలతలోనే.

- చక్కెర ఎక్కువైతే మామిడికాయ ఊట కథే. అది ఒంట్లో నీటినే పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. తియ్యటి కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు అందుకే పనికిరావు.
- ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు.
- లీటరు ప్యాకెట్టును చిటికెడు చిటికెడు గ్లాసులో కలపకండి. ప్యాకెట్టు మీద ఎంత నీరు అని రాసి ఉంటే, కాచి చల్లార్చిన అంత నీటిలో మొత్తం ఒకేసారి కలపండి. కలిపాక మళ్లీ కాచవద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.
- ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు నీటిలో తలకొట్టిన 6 టీ చెంచాల చక్కెర, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు కలపండి. రుచి చూడండి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు.

పేరు చూసి మోసపోకండి. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాలు చాలా ఏళ్లు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ వీటిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి.

ఎలా తాగించాలి?

రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుండి 100 మి.లీ., అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. గంజి, మెత్తటి అన్నం, పెరుగు పెట్టవచ్చు. "కడుపు మాడిస్తే తగ్గుతుంది" అనే మాట నమ్మకండి. డాక్టరు రాసిన జింకు మాత్రలు విరేచనాలు ఆగినా చెప్పినన్ని రోజులు వేయాలి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఓ.ఆర్.ఎస్. విరేచనాలను వెంటనే ఆపదు. పోయిన నీటిని తిరిగి ఇస్తుంది. "తాగించినా ఆగలేదు" అని మధ్యలో మానేయకండి. ప్రాణం తీసేది చాలాసార్లు నీరు పోవడమే.

షుగరు వ్యాధి ఉన్నవారికి కూడా విరేచనాలప్పుడు ఇది అవసరమే. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. అయితే రక్తంలో షుగరు చూపించుకుంటూ ఉండాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరును అడిగి తాగాలి.

వెంటనే ఆసుపత్రికి తేవలసినప్పుడు

- బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా
- ప్రతిదీ వాంతి చేసుకుంటున్నా
- కళ్లు గుంటలు పడినా, 6 గంటలుగా మూత్రం రాకపోయినా
- పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళుతున్నా
- మలంలో రక్తం కనిపించినా, జ్వరం ఎక్కువగా ఉన్నా
- రెండు నెలలలోపు పసికందుకు విరేచనాలైనా

ఇలాంటప్పుడు సెలైను నిజంగానే అవసరం కావచ్చు. దారి పొడవునా చెంచాతో పడుతూనే తీసుకురండి. మత్తులో ఉండి మింగలేని బిడ్డకు మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు.

ఈసారి మీ చేతికి ఆ చిన్న ప్యాకెట్టు ఇస్తే చిన్నబుచ్చుకోకండి. డాక్టరు రోజంతా మీ బిడ్డ పక్కన కూర్చోలేరు, మీరు కూర్చోగలరు. బనగావ్‌లో ఆ తల్లులు చేసిన పనే మీరూ చేస్తున్నారు. మీ ఓపికగల చేతులను దేవుడు దీవించును గాక.