మంచు కురిస్తేనే బ్రతుకు

కోనసీమలో మంచు అంటే శీతకాలపు ఉదయాన కొబ్బరితోటలపై పరచుకొనే పొగమంచే. నమాజు ప్రారంభంలో చదివే దుఆలలో ఒకదానిలో నీటితోపాటు మంచు, వడగళ్ల ప్రస్తావన ఉన్నది. ఆ మంచు ఎలా ఉంటుందని మదర్సా పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. వారికి మేము గుల్మర్గ్ సంగతి చెబుతుంటాము.

కాశ్మీరులో శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న విడిది గుల్మర్గ్. శీతకాలంలో అక్కడి వాలులన్నీ తెల్లని మంచుతో నిండిపోతాయి. కాళ్లకు పొడవైన సన్నని పలకలు బిగించుకొని, చేతికర్రల ఊతంతో ఆ వాలుల వెంట జారడమే స్కీయింగ్. గొండోలా అనే రోప్‌వే రెండు అంచెలలో అఫర్వత్ కొండపైకి చేరుస్తుంది. అయితే కొత్తవారికి తొలిపాఠం వేగం కాదు, ఆగడం. పలకల ముందుకొనలను దగ్గరగా చేర్చి, వెనుకకొనలను ఎడంచేసి, లోపలి అంచులను మంచులోనికి నొక్కితే వేగం తగ్గుతుంది. అదుపు చిక్కిన తరువాతనే పైవాలుకు వెళ్లాలి.

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఈ ప్రాంతపు బిడ్డ ముహమ్మద్ ఆరిఫ్ ఖాన్. ఆయన తండ్రికి గుల్మర్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉండేది. జెయింట్ స్లాలమ్ పోటీలో ఆరిఫ్ 45వ స్థానంలో నిలిచారు. స్లాలమ్ పోటీకి ఆయన అర్హత సంపాదించినది ఎడారి నగరమైన దుబాయ్‌లో! మన రాజోలు, అమలాపురం ప్రాంతాలవారు పొట్టకూటికై వెళ్లే గల్ఫ్ సీమలోనే, ఒక మాల్ లోపల 2005 నుండి కృత్రిమ మంచువాలు నడుస్తున్నది.

ధనమున్నచోట యంత్రాలు మంచును సృష్టించగలవు. కాని గుల్మర్గ్‌లో పర్యాటకులను చెక్కబండ్లపై లాగే కూలీకి, గుర్రపువానికి, స్కీ నేర్పే యువకునికి ఆకాశం నుండి రాలే మంచే ఆధారం. 2024 జనవరిలో అక్కడి వాలులు మంచులేక బోసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదాపడ్డాయి. వినోదం వాయిదా వేసుకోవచ్చును, ఇంటిపొయ్యిని వాయిదా వేయగలమా? పైగా కొండలపై నిలిచిన మంచు కరిగితేనే కాశ్మీరు పొలాలకు వేసవి నీరు.

మన గోదావరికి మంచు లేదు, అది వానలతో నిండే నది. సకాలంలో వాన పడకుంటే కాలువ చివరి రైతు పడే వేదన మనకు తెలియనిది కాదు. అక్కడ మంచుకై, ఇక్కడ వానకై చూపులు ఒకే ఆకాశం వైపు.

సోదర సోదరీమణులారా! మంచు చూడబోయినప్పుడు బండి లాగిన కూలీతో బేరమాడకండి, అతని చెమట ఆరకముందే కూలి చెల్లించండి. నది ఒడ్డున కూర్చొని వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని పెద్దలు మనకు నేర్పారు. గోదావరి పాయల నడుమ నివసించే మనం ఆ మాటను ముందుగా మన ఇంటి కుళాయి వద్ద పాటిద్దాము.