పప్పన్నం ఎప్పుడప్పా?

మన లక్కూరు పెళ్ళిళ్ళలో నలభై దాటి పెళ్ళి కాని మనిషి కంటబడితే, విస్తరిలో అన్నం కన్న ముందు ప్రశ్న వడ్డిస్తాము: "మాకు పప్పన్నం ఎప్పుడప్పా?" అడిగినవారికి అది పరాచికం. అడిగించుకొన్నవారికి ఏమిటో మేము ఒక చిత్రం చూచిన తరువాత గాని గ్రహించలేదు.

ఆ చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం'. 2018 సెప్టెంబరు 7న విడుదలయినది. మేము ఆలస్యంగా, మొన్న సంక్రాంతి సెలవులలో ఇంటిల్లిపాదీ టీవీలో చూచాము. దర్శకుడు వెంకటేశ్ మహాకు ఇదే తొలి చిత్రం. నిర్మాత్రి పరుచూరి ప్రవీణ అమెరికాలో వైద్యురాలు; సలీమా అనే పాత్రను కూడ తామే ధరించారు. కథ జరిగేది విశాఖపట్నంలోని కంచరపాలెం అనే పేటలో. నటులలో పెక్కుమంది ఆ పేటవారే. వారి ఉత్తరాంధ్ర యాస మన కోలారు చెవులకు మొదట కొంత కొత్త, పావుగంటలో అలవాటవుతుంది.

ఇందులో రాజు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. వయస్సు 49. పెళ్ళి కాలేదు. అందుకు ఆయనకు లేని బెంగ ఊరివారికి ఉన్నది! నవ్వు పుట్టేది అక్కడే. ఆ కార్యాలయానికి రాధ అనే అధికారిణి ఒడిశానుండి బదిలీపై వస్తారు. భర్తను పోగొట్టుకొన్నవారు, ఎదిగిన కూతురున్నవారు. ఇద్దరికీ స్నేహం కలుస్తుంది. మేమూ గుమాస్తాలమే గదా, అటెండరుకు కుర్చీ చూపని కార్యాలయాలు ఎన్నో ఎరుగుదుము. ఆ ఘట్టాలు మాకు అందుకే మరింత నచ్చాయి.

రాజు కథతోబాటు ఒక బడిపిల్లవాడి కథ, ఒక యువకుని కథ, మద్యం దుకాణంలో పనిచేసే మరొకరి కథ నడుస్తాయి. చివర అవి ఎలా కలుస్తాయో చెప్పము, చూడనివారు చూడాలి. ఒక్కటి మాత్రం చెప్పవచ్చును: పెళ్ళి కాని మనిషి వెనుక ఏ కథా లేదనుకోవడం మన తెలివితక్కువ.

మా పెద్దమ్మగారి అబ్బాయి మాకన్న రెండేళ్ళు పెద్ద. లెక్కలలో దిట్ట, నలుగురిలో మాత్రం నోరు పెగలదు. ఎవరైనా పలకరిస్తే చేతిగుడ్డ మడుస్తూ నేల చూస్తాడు. కొన్నేళ్ళుగా శుభకార్యాలకు రావడం మానివేశాడు. "మాలూరులో పని ఉంది" అనేవాడు. మేమూ నమ్మాము. చిత్రం ముగిసిన రాత్రి మా ఇంటావిడ అన్నది: "పని కాదండీ, మీ ప్రశ్నకు జడిసి." ఆ ప్రశ్న అందరికన్న ఎక్కువ సార్లు అడిగినవారము మేమే.

మాఘమాసంలో మా అమ్మాయి నిశ్చితార్థానికి స్వయంగా వెళ్ళి పిలిచాము. "ఎవ్వరూ ఏమీ అడగరన్నా" అని మాట ఇచ్చాము. వచ్చాడు. పంక్తిలో చివర కూర్చున్నాడు. వడ్డన మేమే పట్టాము. అడిగినది ఒక్కటే.

"అన్నా, ఇంకొంచెం పప్పు?"

రెండుసార్లు వేయించుకొన్నాడు.