ఫ్యూజు కాపాడేది తీగను

కరెంటు పోయినా పిల్లల చదువు ఆగకూడదని నేడు ఎన్నో కుటుంబాలు ఇంటి కప్పుపై ఒక సోలార్ ప్యానెల్‌ను, గదిలో ఒక బ్యాటరీని అమర్చుకుంటున్నాయి. మెచ్చుకోదగిన పనే. అయితే ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది అని విచారించే మనం, వాటిని కలిపే తీగ గురించి, ఫ్యూజు గురించి ఒక్క మాటైనా అడగము. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

'పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు' అనే ధీమా మనలో చాలామందికి ఉంది. షాక్ సంగతి సాధారణంగా నిజమే. కాని తీగను కాల్చేది దానిగుండా పారే ప్రవాహం. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి చెందిన ప్లస్, మైనస్ తీగలు ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకువస్తాయి. క్షణాల్లో తీగ ఎర్రబడుతుంది, పైతొడుగు కరుగుతుంది. పక్కనే పరుపులో, బట్టలో ఉంటే వాటికి మంట అంటుకుంటుంది.

ఒక లెక్క చూద్దాం. 300 వాట్ల ఇన్వర్టరు 230 వోల్టుల వైపు ఇచ్చేది సుమారు 1.3 ఆంపియర్లు. అదే శక్తి కోసం 12 వోల్టుల బ్యాటరీ నుండి అది 25 ఆంపియర్లు, నష్టాలతో కలిపి దాదాపు 30 ఆంపియర్లు లాగుతుంది. కనుక దీపాలకు వాడే సన్నని తీగ ఇక్కడ పనికిరాదు. ఇంతటి ఇన్వర్టరుకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఫ్యూజు తగినవి.

ఈ ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది ఇన్వర్టరును కాదు, తీగను. అందుచేత దాని పరిమాణం పరికరం లాగే ప్రవాహం కంటే ఎక్కువగా, తీగ భరించగలిగే ప్రవాహం కంటే తక్కువగా ఉండాలి. దాని స్థానం బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే. ఇన్వర్టరు దగ్గర పెడితే నడుమనున్న తీగకు రక్షణ ఉండదు.

ఇంటి బోర్డులోని ఏసీ స్విచ్చులు బ్యాటరీ వైపు వాడరాదు. మన ఏసీ ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది కనుక, స్విచ్చు విడివడినప్పుడు పుట్టే నిప్పురవ్వ త్వరగా ఆరుతుంది. డీసీలో ఆ విరామం లేదు. కావున డీసీ కోసం తయారైనవే కొనాలి.

ఫ్యూజు కాలిపోతే దాని స్థానంలో రాగి పోగులు చుట్టే అలవాటును మనం పూర్తిగా మానుకోవాలి. కాలిన ఫ్యూజు తన విధిని నిర్వర్తించింది. కారణం తెలుసుకొని, సరిచేసి, అదే పరిమాణం గల కొత్త ఫ్యూజును వేయాలి.

టెర్మినళ్లు వదులైతే వేడెక్కుతాయి కనుక వాటిని అప్పుడప్పుడు బిగించి చూడాలి. పని చేసేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసివేయాలి. ఆమ్లం పోసే బ్యాటరీ నుండి మండే వాయువు వెలువడుతుంది. దానిని గాలి ఆడే చోట, పిల్లలు నిద్రించే గదికి వెలుపల ఉంచాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఫ్యూజు ఎక్కడుంది? ఎన్ని ఆంపియర్లది? తీగ దానికి తగినదేనా? సరైన జవాబు వచ్చిన తరువాతే స్విచ్చు వేయండి.