గేరు సైకిలు: ఏటవాలుగా ఒరిగిన చతుర్భుజం

రోడ్డు పందేలకు తయారైన గేరు సైకిలు కొన్నవారిని కొంతకాలానికి వేధించే ప్రశ్న, దాని భాగాలు విప్పి మరింత ఖరీదైనవి బిగించుకోవడం పెట్టిన డబ్బుకు తగునా అన్నది. దీనికి జవాబు ధరల పట్టికలో కంటే వెనుక చక్రం పక్కన వేలాడే డీరెయిలర్ చరిత్రలో స్పష్టంగా దొరుకుతుంది.

డీరెయిలర్ అన్న ఫ్రెంచి మాటకు పట్టాలు తప్పించేది అని అర్థం. అది నడుస్తున్న చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి తప్పించి పక్కదాని మీదికి ఎక్కిస్తుంది. దానిలోని రెండు చిన్న కప్పీలలో పైది చైనుకు దారి చూపుతుంది. కిందిది స్ప్రింగు బలంతో చైను వదులు కాకుండా లాగిపట్టి ఉంచుతుంది. 1950ల తొలినాళ్లలో ఇటలీకి చెందిన కాంపాగ్నోలో సంస్థ గ్రాన్ స్పోర్ట్ అనే నమూనాలో ఈ కప్పీలను సమాంతర చతుర్భుజానికి, అంటే ఎదురెదురు భుజాలు సమాంతరంగా ఉంటూ కీళ్ల దగ్గర వంగే చట్రానికి అమర్చింది. కేబుల్ లాగితే చట్రం వంగుతుంది, కప్పీలు మాత్రం పక్కకు తిరిగిపోకుండా చైనుకు సమాంతరంగానే జరుగుతాయి.

అయితే ఈ అమరికలో ఒక లోపం ఉండిపోయింది. వెనుక పళ్ల చక్రాలు చిన్నదాని నుంచి పెద్దదాని వరకు శంకువులా పేర్చి ఉంటాయి. 14 పళ్ల చక్రానికీ 28 పళ్ల చక్రానికీ వ్యాసార్ధంలో దాదాపు 28 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. కప్పీ అడ్డంగా మాత్రమే జరిగితే, పెద్ద చక్రానికి తగలకుండా అమర్చిన ఎత్తులో అది చిన్న చక్రానికి బాగా ఎడంగా ఉండిపోతుంది. ఆ ఎడంలో వేలాడే చైను కప్పీ కదలికకు వెంటనే లొంగదు కనుక, తొక్కేవాడు మీటను అవసరానికి మించి లాగి, చైను పళ్లకెక్కాక మళ్లీ కాస్త వెనక్కి తేవలసి వచ్చేది.

1964లో జపాన్‌లోని మాయెడా సంస్థలో, అంటే సన్‌టూర్ పేరుతో భాగాలు అమ్మిన సంస్థలో, నోబువో ఒజాకి ఆ చతుర్భుజాన్ని ఏటవాలుగా ఒరిగించాడు. చేసింది అంతే, కాని దానితో కప్పీ శంకువు వాలు వెంబడే కిందికీ పైకీ జరుగుతూ, ఏ పళ్ల చక్రానికైనా దాదాపు ఒకే దూరంలో నిలవసాగింది. కొత్త లోహమేదీ లేకుండా, కేవలం కోణం మార్చి సాధించిన ఇంతటి మెరుగు సైకిలు చరిత్రలో అరుదు. సన్‌టూర్ దీన్ని చవక ధరలకే అమ్మింది. 1984లో పేటెంటు గడువు తీరగానే ఆ సూత్రం అందరిదైంది. అదే ఏడాది షిమానో సంస్థ డ్యూరా-ఏస్ సామగ్రిలో, మీట ఒక్క మెట్టు కదిలితే కేబుల్ లెక్కప్రకారం జరిగే ఇండెక్సింగ్ పద్ధతిని తెచ్చి మార్కెట్టును గెలుచుకుంది, సన్‌టూర్ వెనకబడిపోయింది. మోటారుతో జరిగే ఎలక్ట్రానిక్ డీరెయిలర్లు తరువాత వచ్చినవే.

కాబట్టి అసలు తెలివి ఇప్పుడు మధ్యతరగతి ధరలో దొరికే షిమానో 105లోనూ ఉంది. పై మెట్టు సామగ్రిలో అదనపు డబ్బు ప్రధానంగా తేలికదనానికీ నునుపైన పనితనానికీ పోతుంది. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు ఉన్నప్పుడు అర కిలో తగ్గితే, గంటసేపు పట్టే నిటారు ఎక్కుడులో మిగిలేది దాదాపు 22 సెకన్లే. చదును రోడ్డు మీద అది తెలియనే తెలియదు. టైరు విషయం వేరు. నేలపై దొర్లేటప్పుడు రబ్బరు నలిగి శక్తిని తినే కొలతను దొర్లుడు నిరోధ గుణకం అంటారు. మంచి టైరుతో అది 0.005 నుంచి 0.004కు దిగితే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో అదే బరువుకు దాదాపు 6.5 వాట్లు మిగులుతాయి, అదీ ఎక్కుడులోనే కాక దారి పొడవునా.

ఇండెక్సింగ్ లేని పాత సైకిలుకు దాన్ని అమర్చడం ఖర్చుకు తగిన పని. గేర్లు చక్కగా పడుతున్న సైకిలుకు మాత్రం పై మెట్టు డీరెయిలర్ అక్కర్లేదు; ఆ డబ్బులో కొద్ది భాగంతో మంచి టైర్లు వేసి, అరిగిన చైనును అది పళ్ల చక్రాలను కూడా పాడుచేయకముందే మార్చాలి.