మసిగుడ్డ నీళ్ళెట్లా తాగుతుంది?

పిల్లలూ! పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా ఒలికాయనుకోండి. అమ్మ చేతికందిన గుడ్డ తీసి తుడుస్తుంది. ఒక గుడ్డయితే ఒక్క తుడుపుకే పాలన్నీ తాగేస్తుంది. ఇంకొక గుడ్డ పాలను ఈ చివర నుంచి ఆ చివరకు తోసి ఊరుకుంటుంది. రెండూ గుడ్డలే గదా, మరి ఈ తేడా ఎందుకు? మా తర్లుపాడులో వేసవి వచ్చిందంటే బిందె బిందెకూ లెక్క చూసుకోవాలి. ఒక్క తుడుపుతో పోయేదానికి మూడుసార్లు గుడ్డ జాడించి పిండాలంటే ఎన్ని చెంబుల నీళ్ళు దండగో మీరే చెప్పండి.

ఆ మంచి మసిగుడ్డను ఈ నెల మనమే అల్లుకుందాం. దానికి ముందు దూదితో చిన్న ప్రయోగం ఉంది.

పగిలిన పత్తికాయ నుంచి కొంచెం దూది తీసి, గింజలు ఏరేయండి. మందుల షాపులో అమ్మే దూది కూడా అంతే తీసుకోండి. రెండు గ్లాసుల నీళ్ళ మీద ఒక్కొక్కటి మెల్లగా వేయండి. షాపు దూది చూస్తుండగానే తడిసి మునుగుతుంది. చేలో దూది మాత్రం నాకేం పట్టిందన్నట్లు తేలుతూనే ఉంటుంది. రెండూ పత్తే! చేలో దూది పోగు మీద మైనం వంటి పల్చని పొర ఉంటుంది. అది నీటిని దగ్గరకు రానివ్వదు. షాపు దూదిని క్షారంలో ఉడికించి ఆ మైనాన్ని ముందే తీసేస్తారు. కోరా గుడ్డ రెండు మూడు ఉతుకులు పడేదాకా నీళ్ళు సరిగా పీల్చకపోవడానికి కారణం ఇదే.

మైనం పోయాక మిగిలేది దాదాపు అంతా సెల్యులోజే. సెల్యులోజ్ అంటే వేలకొద్దీ గ్లూకోజ్ ముక్కలు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ గొలుసు. ఒక్కొక్క ముక్కకు మూడు హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. నీటి అణువులు వీటిని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. 'అలాగైతే పంచె చక్కెరలా నీళ్ళలో కరిగిపోవాలి గదా మాస్టారూ!' అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. ఈ గొలుసులు చాలా పొడుగైనవి, పైగా ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. నీళ్ళు సందుల్లోకి చొరబడి పోగును ఉబ్బిస్తాయే గాని గొలుసులను పూర్తిగా విడదీయలేవు. ఇంకొక వింత ఏమిటంటే, నూలుపోగు పొడిగా ఉన్నప్పటికంటే తడిసినప్పుడే గట్టిగా ఉంటుంది. చాకిరేవులో బండకేసి బాదినా నూలుబట్ట తట్టుకోవడం వెనుక ఈ గుణం ఉంది.

నూలు గాలిలోని తేమను కూడా తాగుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమ పీలుస్తుంది. అదే పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు.

అయితే ఒలికిన పాలను తాగేది ఒక్క సెల్యులోజే కాదు. పోగుకూ పోగుకూ మధ్య సన్నని సందులున్నాయి. దీపం వత్తిలో నూనె పైకి ఎక్కినట్లే ఈ సందుల్లోకి నీరు ఎక్కుతుంది. పదో తరగతి వారికి ఇది కేశనాళికీయత అని నేను చెప్పనక్కరలేదు. మన మార్కాపురం పలక ఉంది గదా, దాని మీద రెండు చోట్ల ఒక్కొక్క చెంచా నీళ్ళు పోయండి. రాయి నీళ్ళు తాగదు కాబట్టి అవి అలాగే నిలుస్తాయి. ఒక దాన్ని పాత పంచె ముక్కతో, రెండోదాన్ని పాలిస్టర్ చీర ముక్కతో ఒక్కసారే తుడవండి. ఏ చోట పలక ముందుగా ఆరిందో చూడండి.

ఇక అల్లికకు వద్దాం. చేతికి ఒక క్రోషే సూది, అంటే చివర కొక్కెం ఉన్న సూది, కొంచెం లావుపాటి నూలుదారం కావాలి. దారం సన్నమైతే నాలుగు పేటలు కలిపి పట్టుకోండి. ముందు జారుముడి వేసి సూదికి ఎక్కించండి. కొక్కేనికి దారం తగిలించి ముడిలోంచి లాగితే ఒక గొలుసు కన్ను. అలాంటివి 31 వేయండి.

మనకు రెండే కుట్లు కావాలి. మొదటిది పొట్టి కుట్టు: సూదిని కన్నులో గుచ్చి దారాన్ని ఇవతలికి లాగండి, సూది మీద రెండు ఉచ్చులుంటాయి, మళ్ళీ దారం పట్టి ఆ రెండింటిలోంచీ లాగేయండి. రెండోది పొడుగు కుట్టు: గుచ్చడానికి ముందే సూదికి దారం ఒక చుట్టు చుట్టండి. గుచ్చి లాగితే మూడు ఉచ్చులవుతాయి. దారం పట్టి రెండింటిలోంచి లాగండి, మళ్ళీ పట్టి మిగిలిన రెండింటిలోంచి లాగండి. అంతే!

సూది నుంచి రెండో కన్నులో పొట్టి కుట్టు, దాని పక్క కన్నులో పొడుగు కుట్టు. ఇలా ఒకటి విడిచి ఒకటిగా వరస చివరిదాకా వెళ్తే 30 కుట్లవుతాయి. ఒక గొలుసు కన్ను వేసి, అల్లికను తిప్పి పట్టుకోండి. ఇప్పుడు పొడుగు కుట్టు నెత్తిన పొట్టిది, పొట్టిదాని నెత్తిన పొడుగుది రావాలి. సుమారు 24 వరసలకు చదరంగా తయారవుతుంది. పొడుగు కుట్టును పక్కనున్న పొట్టి కుట్లు కిందికి లాగి పట్టడంతో అది మధ్యలో ఉబ్బుతుంది. గుడ్డంతా గింజలు పోసినట్లు గరుకుగా వస్తుంది.

ఈ గరుకుతోనే పని. మీ చేతి బలం అంతే అయినా, అది గుడ్డ మొత్తం మీద కాకుండా ఆ గింజల మీదే పడుతుంది. వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది గదా! కంచానికి ఎండి అంటుకున్న మెతుకు అందుకే ఊడివస్తుంది. గింజల మధ్య పల్లాల్లో నీళ్ళు నిలుస్తాయి.

వరసకు 30 కుట్లు ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటూ ఉండండి. ఒకే కన్నులో రెండేసి కుట్లు పడుతూ పోతే అంచు కోడిజుట్టు పువ్వులా ముడతలు పడుతుంది. అదీ వృథా కాదు సుమా! 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమినా అనే లాత్వియా గణితవేత్త కావాలనే అలా కుట్లు పెంచుతూ అల్లి, హైపర్బోలిక్ తలానికి నమూనా చేశారు. ఆ తలం మీద ఒక బిందువు నుంచి ఒక రేఖకు ఒకటి కాదు, ఎన్నో సమాంతర రేఖలు గీయవచ్చు.

30 కుట్లు, 24 వరసలు, మొత్తం 720 కుట్లు. కొత్తవారు నిమిషానికి నాలుగు వేసినా మూడు గంటలు పడుతుంది. బజారులో ఇలాంటి గుడ్డకు ఎంతిస్తారో అడిగి, గంటకు ఎంత గిట్టిందో లెక్క వేయండి. ఈ లెక్క మన రాష్ట్రంలో ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మాక్రే దంపతులు అక్కడ ఈ విద్య నేర్పారంటారు. ఆ లేసు విదేశాలకు వెళ్ళింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడి పరిస్థితి చూసి 1982లో ఒక పుస్తకం రాశారు. ఇంటి చాకిరీ అంతా చేసి, ఆపైన గంటల తరబడి లేసు అల్లే వారిని లోకం కార్మికులుగా లెక్కించలేదనీ, తీరిక వేళ పొద్దుపుచ్చుకునే గృహిణులుగానే చూసిందనీ, లాభం వ్యాపారులకు పోయిందనీ అందులో చూపించారు. 720 కుట్లు వేసిన చేతికి ఇందులో తీరిక ఎంతో, పని ఎంతో తెలుస్తుంది.

మీ గుడ్డ తయారైంది గదా. ముందు సబ్బు వేసి వేడినీళ్ళలో బాగా ఉతకండి. ఎందుకో దూది ప్రయోగం చేసినవారికి తెలుసు. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవాలు దీనికి తగిలించవద్దు. అవి పోగు మీద మళ్ళీ పొర కడతాయి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోకండి. పొడి గుడ్డ సందుల్లో గాలి ఉంటుంది, గాలి అధమ ఉష్ణవాహకం. గుడ్డ తడిస్తే ఆ గాలి చోటులో నీరు చేరుతుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది, పైగా ఆవిరై చేయి కాలుస్తుంది. పాలిస్టర్ గుడ్డ ఇంకా ప్రమాదం, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు కరగదు గాని అంటుకుని మండుతుంది, కాబట్టి కొసలు పొయ్యిలోకి వేలాడనివ్వకండి.

గరుకు పల్లాల్లో మెతుకు ముక్కలు చిక్కుకుంటాయి. తడి, తిండి, వెచ్చదనం మూడూ దొరికితే బాక్టీరియాకు పండుగే. ముద్దగా చుట్టి గట్టు మూల పడేయకుండా, రోజూ జాడించి తీగ మీద విప్పి ఎండేయండి. వారానికి రెండుసార్లు పది నిమిషాలు మరిగించండి. మన ఎండకు అది గంటలో ఆరుతుంది, ఆ విషయంలో మాత్రం మనకు కరువు లేదు!

ఎన్నో ఉతుకుల తరవాత అది చిరిగిపోతుంది. అప్పుడు పారేయకండి. ఒక పాత కుండీలో మట్టి నింపి ఆ నూలు ముక్కనూ, అంతే పాలిస్టర్ ముక్కనూ పక్కపక్కన పూడ్చండి. మట్టి తడి ఆరకుండా అప్పుడప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ, రెండు నెలల తరవాత తవ్వి చూడండి.